ఆరు పక్కలా గంగులయ్య

కోట ఊరి గంగులయ్యకు ఉన్న పిచ్చి ఒక్కటే. తనదైన ప్రతి వస్తువు మీదా ఎర్ర పెయింటుతో పేరు రాసుకోవడం. బకెట్టు మీద ‘గంగులయ్య, కోట’. నిచ్చెన మీద ‘గంగులయ్య, కోట’. గొడుగు మీద బయట ఒకసారి, వానకు చెరిగిపోతే ఎట్లా అని లోపల ఇంకోసారి. చెప్పులకు ఎడమదానికీ కుడిదానికీ విడివిడిగా. రొయ్యల గుంటలో నీళ్లు చిలికే మిషను రెక్కల మీద కూడా రాశాడు. అది తిరుగుతుంటే చూసినవాడికి కళ్లు తిరుగుతాయే గానీ ఒక్క అక్షరం కనపడదు. ఇంట్లో పుంజు ఎర్రది. ఎర్ర కోడి మీద ఎర్ర రంగు తెలియదని దాని కోసం ప్రత్యేకంగా తెల్ల డబ్బా తెచ్చాడు.

పళ్లసెట్టు కట్టించుకున్నప్పుడు గూడూరు డాక్టరును అడిగిన మొదటి మాట, "దీని మీద పెయింటు నిలస్తదా సార్?" అని.

"నోట్లో ఉండేదాన్ని ఎవరెత్తుకుపోతారయ్యా?" అన్నాడు డాక్టరు.

"నోట్లో ఉన్నప్పుడు కాదు సార్. తీసి గలాసులో పెట్టినప్పుడు."

ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. పెళ్లైన కొత్తలో తుఫాను వచ్చి, ఊళ్లో సామానంతా నీళ్ల మీద తేలుకుంటూ పోయింది. నీళ్లు తీశాక ఆ బిందె నాదంటే నాదని వారం రోజులు ఆడవాళ్లు జుట్లు పట్టుకున్నారు. పెళ్లిలో ఎవరో పేరు కొట్టించి చదివించిన ఇత్తడి చెంబు ఒకటి గంగులయ్యకు ఉండేది. అది మాత్రం నాలుగూళ్ల అవతల ముళ్లకంపలో దొరికి, ఆ చేతా ఈ చేతా పడి, బస్సు కండక్టరు పక్కన కూర్చుని టిక్కెట్టు లేకుండా ఇంటికొచ్చేసింది. మిగిలిన సామాను ఒక్కటీ రాలేదు. ఆ రోజే అంగడికి పోయి ఎర్ర పెయింటూ కుంచే తెచ్చుకున్నాడు. ఇంతవరకూ ఆ చెయ్యి ఆగలేదు.

వాళ్లావిడ ఆదిశేషమ్మ బడికి పోయింది తక్కువ. ఆమెకు చదవడం వచ్చింది మూడే మాటలు. మొగుడి పేరు బకెట్ల మీద చూసి నేర్చుకుంది. ‘కోట’ అని బస్సు బోర్డు మీదా, మళ్లీ ఆ బకెట్ల మీదే నేర్చుకుంది. తన పేరు మాత్రం పొదుపు సంఘంలో వేలిముద్ర వెయ్యడం నామోషీ అనిపించి, పట్టుబట్టి నేర్చుకుంది. ఆ మూడో మాట ఆ ఇంట్లో ఎక్కడా కనపడదు.

"అన్నిటికీ రాస్తివి. నేనొక్కదాన్నే మిగిలుండా. నా నొసట కూడా రాసెయ్యి, పీడా పోద్ది!" అనేది కోపం వచ్చినప్పుడల్లా.

గంగులయ్య కుంచె దులుపుకుంటూ, "నువ్వు యాడికీ పోవులే మే," అనేవాడు.

ఆ మాట ప్రేమో, ఎకసెక్కమో ముప్పై ఎనిమిదేళ్లైనా ఆమెకు తేలలేదు.

గంగులయ్య చెల్లెలు కామాక్షి అండమాన్‌లో ఉంటుంది. పోర్ట్‌బ్లేర్‌లో వాళ్లకు పెయింట్ల అంగడి. ఆ సంబంధం చూసినప్పుడు గంగులయ్యకు నచ్చింది ఆ అంగడి ఒక్కటేనని ఆదిశేషమ్మ అనుమానం. ఆ కామాక్షి కూతురు సుప్రియకు పెళ్లి కుదిరింది. మేనమామ తెచ్చిన చీర కట్టుకునే పెళ్లికూతురు గౌరీపూజకు కూర్చోవాలి. అది వాళ్ల ఆచారం. మేనమామంటే గంగులయ్యే గానీ, చీర మాట పట్టించుకున్నది ఆదిశేషమ్మ. గేదె పాలు పోసి కూడబెట్టిన డబ్బులతో వెంకటగిరికి మూడుసార్లు పోయింది. వంకాయ రంగు, మామిడి పిందెల అంచు, తను చెప్పినట్టే నేయించింది. మగ్గం పక్కన కూర్చుని, "ఆ పిందె వంకర పోయింది చూడబ్బయా," అని నేతగాడి ప్రాణం తీసింది.

ఆ చీర పెట్టుకోవడానికి చక్రాల పెట్టె ఒకటి కొన్నారు. నీలం రంగు, నున్నగా అద్దంలా ఉంది. కొన్న గంటకే గంగులయ్య దాన్ని వాకిట్లో పడుకోబెట్టి ఆరు పక్కలా జానెడు జానెడు అక్షరాలతో పేరు రాసి ఎండకు పెట్టాడు.

ఆదిశేషమ్మ తల పట్టుకుంది. విమానం ఎక్కడం ఆమెకు అదే మొదలు. టీవీలో ఆడవాళ్లు పెట్టెను టిర్రుమని లాక్కుంటూ పోతారే, అట్లా పోవాలని రెండు నెలలుగా లోలోపల అనుకుంటోంది. ఎదురుగా కామాక్షి నిలబడి ఉంటుంది. ఆ పెట్టెను చూసి, "అన్న మారలా వదినా," అని నవ్వుతుంది. ఆ నవ్వు పెళ్లిపందిరంతా తిరుగుతుంది.

మరుసటి పొద్దున గంగులయ్య గుంట దగ్గరికి పోగానే, ఆయన కుంచె కడుక్కునే తిన్నరు సీసా తీసింది. పాత లంగా చింపి ఆరు పక్కలా రుద్దింది. పేరు పోయింది గానీ కంపు పోలేదు. కంపు పోవడానికి కొబ్బరినూనె పట్టించింది. పట్టుకునే పిడికి ఇంకాస్త ఎక్కువే పట్టించింది. నూనె పెడితే ఏదైనా బాగవుతుందని ఆమె నమ్మకం. ఆ తర్వాత పెట్టెను కొలుచుకుని మిషను కుట్టే మగ్దలీనమ్మ ఇంటికి పరిగెత్తింది.

"పెట్టెకు గలీబా? దిండుకు కుడతారు గానీ పెట్టెకెందుకక్కా?" అంది మగ్దలీనమ్మ.

"గీతలు పడకుండా. బిన్నా కుట్టు మే, ఆయనొచ్చేస్తాడు!"

గలీబు తొడిగిన పెట్టెను చూసి గంగులయ్య ఏమీ అనలేదు. ముక్కు మాత్రం రెండుసార్లు ఎగబీల్చాడు. ఎండు నెత్తళ్ల వాసన అనుకుని ఉంటాడులే అని ఆదిశేషమ్మ సమాధానపడింది. కామాక్షికి ఆ చిన్న చేపలంటే ప్రాణమని రెండు కిలోలు మూటగట్టి చీరకు దూరంగా పెట్టెలో ఒక మూలకు కుక్కింది.

చెన్నై విమానాశ్రయంలో దేవుడు ఆమె పక్షానే ఉన్నాడు. పెట్టె తూకం వేసే చోట గలీబు తియ్యాల్సిందే అన్నారు. సరిగ్గా అప్పుడే గంగులయ్య చేతిసంచిలోంచి ఎర్ర పెయింటు డబ్బా బయటపడింది.

"ఇది విమానంలోకి పోకూడదు సార్."

"ఇది బాంబు కాదయ్యా, పెయింటు!"

"అందుకే పోకూడదు సార్."

"సరే, ఈడ్నే పెట్టుకోండి. వచ్చేటప్పుడు తీసుకుంటా. పేరు రాసుంది, ఎవరికీ ఇయ్యబాకండి."

ఆయన ఆ గొడవలో ఉండగానే బోసి పెట్టె బెల్టు మీద లోపలికి పోయింది. ఆదిశేషమ్మ గలీబు మడిచి సంచిలో దాచేసింది. అక్కడి నుంచి పోర్ట్‌బ్లేర్ దాకా మహారాణిలా కూర్చుంది.

పోర్ట్‌బ్లేర్‌లో బెల్టు తిరిగింది. నల్ల పెట్టెలొచ్చాయి, ఎర్ర పెట్టెలొచ్చాయి, ఎవరిదో టెంకాయల మూట వచ్చింది. మనుషులంతా వెళ్లిపోయారు. బెల్టు ఖాళీగా ఇంకో నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయింది. బుధవారం పగలు అది. శుక్రవారం పొద్దున పెళ్లి.

సామాను రాని వాళ్ల కోసం ఉన్న బల్ల దగ్గర ప్రత్యూష అనే అమ్మాయి కూర్చుని ఉంది. వాళ్లమ్మానాన్నలు ఎప్పుడో శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడే ఉండిపోయారట. తెలుగు మాట వినగానే గంగులయ్యకు సగం పెట్టె దొరికినట్టైంది.

"కంగారు పడకండి సార్. ముందు ఈ ఫారం నింపుదాం. పెట్టెకు వేసిన ట్యాగు ముక్క మీ దగ్గరుందా? అది చాలా ముఖ్యం, పారెయ్యకండి. పెట్టె ఏం రంగు?"

"నీలం."

"గుర్తులేమైనా ఉన్నాయా?"

ఈ ప్రశ్న కోసమే ముప్పై ఎనిమిదేళ్లుగా కాచుకుని ఉన్నట్టు గంగులయ్య ఛాతీ విరిచాడు.

"గుర్తులేందమ్మా, నా పేరే ఉంటే! ఆరు పక్కలా! జానెడు అక్షరాలు! అద్దాలు ఇంట్లో మర్చిపోయినోడు కూడా చదవతాడు!"

వెనక నిలబడ్డ ఆదిశేషమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"మంచిది సార్. అంత గుర్తుంటే తొందరగానే దొరుకుతుంది," అని ప్రత్యూష రాసుకుంది. ఆమె రాసిన ఒక్కో అక్షరం ఆదిశేషమ్మ గుండెల మీద పడింది. లేని పేరు కోసం వెతికితే పెట్టె ఎట్లా దొరుకుతుంది? చెప్పేద్దామని నోరు తెరిచింది. పక్కన ఇంకో నలుగురు నిలబడి వింటున్నారు. నోరు మూసుకుంది.

"లోపల ఏమేం ఉన్నాయి సార్?"

"వెంకటగిరి పట్టుచీర ఒకటి. నా లుంగీలు రెండు. ఒకటి కొత్తది, ఒకటి చిరిగింది. చిరిగింది అని రాయమ్మా, లేకపోతే అబద్ధమవుద్ది. ఎండు నెత్తళ్లు రెండు కిలోలు."

"నెత్తళ్లు..." ప్రత్యూష పెన్ను ఆగింది. "ఇది ఇంగ్లీషులో ఎలా రాయాలో... సరే, చేపలు. చూడండి సార్, బట్టలవీ అవసరమైతే కొనుక్కోండి. బిల్లులు తెస్తే కంపెనీ ఇస్తుంది. ఇరవై ఒక్క రోజుల్లో దొరక్కపోతే పోయినట్టు లెక్క. అప్పుడు బరువును బట్టి నష్టపరిహారం వస్తుంది."

"బరువు లెక్కనా?" గంగులయ్య నోరు తెరిచాడు. "అంటే మా చీరకూ నెత్తళ్లకూ ఒకటే రేటా? ఇదేం అంగడమ్మా?"

"రూలు అలా ఉంది సార్."

"ఇరవై ఒక్క రోజులకు మా పాప పసుపుబట్టలు కూడా విప్పేసుంటదే!"

ఆదిశేషమ్మ అక్కడ నిలబడలేక మంచినీళ్ల నెపంతో పక్కకు పోయింది. తిరిగొచ్చేసరికి గంగులయ్య బల్ల మీదికి వంగి ఆ అమ్మాయికి ఏదో గుసగుసగా చెబుతున్నాడు. నెత్తళ్ల ధర గురించి బేరమాడుతున్నాడేమో అనుకుంది.

కామాక్షి ఇంట్లో అనుకున్నంతా అయింది.

"అయితే చీర రాలేదా వదినా? మూన్నెల్లుగా ఫోన్లో వంకాయ రంగు, వంకాయ రంగు అంటివే!" అంది కామాక్షి. ఆ తర్వాత అన్న వైపు తిరిగింది. "ఏం అన్నా, కోడిపుంజుక్కూడా పేరు రాస్తివే. కావాల్సినప్పుడు నీ పెయింటు పనికిరాలేదే!"

వచ్చిన చుట్టాలంతా నవ్వారు. గంగులయ్య కూడా నవ్వాడు. గంటకోసారి ఆ అమ్మాయికి ఫోను చేసి, అందరికీ వినపడేట్టు అరిచాడు: "అవునమ్మా, ఆరు పక్కలా! ఎర్రగా! చెన్నైలో వాళ్లకు కండ్లు లేవా?" అరిచిన ప్రతిసారీ చుట్టాలు మళ్లీ నవ్వారు. కామాక్షి మరిది ఒకడైతే, పెళ్లికొడుకు నుదుటన పేరు రాసి తీసుకురమ్మంటారా అని కూడా అడిగాడు.

ఒక్క సుప్రియ మాత్రం ఆదిశేషమ్మ పక్కన చేరి, "రాకపోతే ఇక్కడే ఇంకోటి కొనుక్కుందాంలే అత్తా. నువ్వు తింటల్లేదు, ముందు అన్నం తిను," అంది. ఆ పిల్ల అట్లా అనేసరికి ఆదిశేషమ్మకు ముద్ద మరీ దిగలేదు. తిట్టినా బాగుండేది.

గురువారం తెల్లవారింది. చెన్నై నుంచి కబురు లేదు. తన నామోషీ కోసం పిల్ల పెళ్లిచీర పోగొట్టింది, మొగుణ్ణి పదిమందిలో నవ్వులపాలు చేసింది. ఇంక ఉండబట్టలేక ఆదిశేషమ్మ చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

"యాడికి మే?" అన్నాడు గంగులయ్య.

"పూలకు."

"పూలు ఇంటికే తెస్తాండారు గదా?"

"నాకు వేరే పూలు కావాల. గమ్మునుండు!"

ఆటో ఎక్కి నేరుగా విమానాశ్రయానికి పోయింది. సామాను కబురు అడగాలని వాకిట్లో మనిషికి చెబితే ప్రత్యూషే బయటికి వచ్చింది. ఆమె నోరు తెరిచేలోపల ఆదిశేషమ్మ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

"పాపా, తప్పు మీది కాదు, మీ కంపెనీది కాదు, నాది. ఆ పెట్టె మీద పేరు లేదు. నేనే తిన్నరు పెట్టి తుడిచేసినా. ఆయనకు తెలీదు. ఎర్ర అక్షరాలని వెతకబాకండి. ఉత్త నీలం పెట్టె. మా ఆయనకు చెప్పబాక తల్లీ, నీకు పుణ్యముంటది!"

ప్రత్యూష పెదాలు బిగబట్టింది. నవ్వు ఆపుకోవడానికి.

"సార్ నిన్ననే చెప్పారమ్మా."

"ఏం చెప్పినాడు?"

"మీరు మంచినీళ్లకు వెళ్లినప్పుడు. ‘పైన పేరు ఉండదు పాపా, మా ఆడమనిషి తుడిచేసింది. మూత లోపల గుడ్డకు జిప్పు ఉంటది, అది తీసి చూడమనండి. ఈ మాట ఆమె ముందర అనబాక, చిన్నబోతది’ అన్నారు. పెట్టె తాళం నంబరు కూడా ఇచ్చారు. రాత్రంతా ట్యాగు లేని నీలం పెట్టెలు ఒక్కొక్కటీ తెరిపించారు చెన్నైలో. మీది ఐదోది. ఇప్పుడే మీ ఇంటికి ఫోన్ చెయ్యబోతున్నాను, మధ్యాహ్నం విమానంలో వస్తోంది." అని ఆగి, "అమ్మా, పిడికి జిడ్డేమైనా రాశారా? ట్యాగు అతుక్కోకుండా ఊడిపోయిందట," అంది.

"కొబ్బరినూనె," అంది ఆదిశేషమ్మ, చెవిలో చెప్పినంత సన్నగా.

ప్రత్యూష ఫోను తీసి చెన్నై వాళ్లు పంపిన ఫొటో చూపించింది. తెరిచిన మూత. పక్కకు లాగిన గుడ్డ. దాని వెనక నీలం మీద ఎర్రటి అక్షరాలు. ఆదిశేషమ్మకు వచ్చిన మూడు మాటల్లో రెండు అక్కడ ఉన్నాయి. మొదటిది మాత్రం ఆమె అనుకున్నది కాదు.

‘ఆదిశేషమ్మ, కోట.’

ఆమె ఆ ఫోను తిరిగివ్వడం మర్చిపోయింది. ప్రత్యూషే మెల్లగా చేతిలోంచి తీసుకుంది.

మధ్యాహ్నం విమానం వచ్చేదాకా అక్కడే కాచుకుని, పెట్టెను టిర్రుమని లాక్కుంటూ, కామాక్షి చుట్టాల మధ్య నుంచి టీవీలో ఆడవాళ్ల కంటే దర్జాగా నడిచొచ్చింది ఆదిశేషమ్మ. వరండాలో కూర్చున్న మొగుడి ముందు దాన్ని నిలబెట్టింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"సీసాలో సగముండే తిన్నరు ఒక్క పొద్దునకే అడుక్కి పోతే తెలీదా మే? నువ్వు గలీబు కుట్టించడానికి పోయినప్పుడు లోపల రాసినా. పైన రాస్తే నువ్వు మళ్లీ తుడస్తావు. తిన్నరు కూడా లేదు."

"మరి అందరి ముందర ఆరు పక్కలా అని ఎందుకట్టా అరిస్తివి? నిన్ను జూసి నవ్వతాండారు గదా?"

"నన్ను జూసి నవ్వతానే ఉంటారులే. నాకు అలవాటు. నువ్వు తుడిచినావని తెలిస్తే కామాక్షి నిన్ను బతకనిస్తదా?"

ఆదిశేషమ్మ పెట్టె పిడికున్న జిడ్డు కొంగుతో తుడిచింది.

"అన్నిటి మీదా నీ పేరే రాస్తివి. దీని మీద నా పేరెందుకు రాసినావు?"

గంగులయ్యకు ఈ ప్రశ్న అర్థం కాలేదు. ఇంత తేలిక విషయం ఎందుకడుగుతోందో తెలియక ఆమె మొహం వైపు చూశాడు.

"చీర నీదిగదా మే?"

శుక్రవారం పొద్దున పందిట్లో పురోహితుడు కేకేశాడు. "మేనమామ గారూ, చీర పట్టుకుని రండి!"

గంగులయ్య లేచాడు, చేతులు ఊపుకుంటూ. "మేనమామది కాదు సామీ. మేనమామ పెళ్లాం నేయించింది. ఆమె చేత్తోనే ఇప్పించండి."

కామాక్షి ఏదో అనబోయింది. అంతలో చీర మడత విప్పారు. వంకాయ రంగు మీద మామిడి పిందెలు ఒక్కటీ వంకర పోకుండా బారుగా నిలబడ్డాయి. కామాక్షి నోట మాట రాలేదు. ఆమెకు నోరు పడిపోవడం ఆ కుటుంబంలో ఎవరూ అంతకుముందు చూడలేదు. చీర నుంచి కాస్త నెత్తళ్ల వాసన వచ్చిన మాట నిజమే గానీ, సాంబ్రాణి ధూపంలో కలిసిపోయింది.

తిరుగు ప్రయాణం రోజు ప్రత్యూష దగ్గర బిల్లులు ఇచ్చారు. పెట్టె రానందుకు కొన్న రెండు లుంగీలు, ఒక బ్రష్షు. ఆ డబ్బు కంపెనీ ఇస్తుందని ఆమె చెప్పగానే గంగులయ్య సంచిలోంచి లుంగీలు తీసి బల్ల మీద పెట్టాడు.

"బ్రష్షంటే వాడేసినానమ్మా. లుంగీలు మాత్రం మీవే. డబ్బులు మీరిస్తాండారు గదా, తీసుకోండి."

ప్రత్యూష లుంగీ విప్పి చూసింది. అంచు పొడుగునా ఎర్రగా ‘గంగులయ్య, కోట’ అని ఉంది.

"ఇవి మేం తీసుకోలేం సార్. పేరు మీదుంది."

"అది నిజమే," అని ఒప్పుకుని వెనక్కి తీసుకున్నాడు.

కానీ అంతకుముందు ఆ పొద్దునే ఇంకో సంగతి జరిగింది. ఆదిశేషమ్మ కామాక్షి అంగడికి పోయి ఎర్ర పెయింటు డబ్బా, కుంచె తెచ్చి మొగుడి ముందు పెట్టింది. నీలం పెట్టెను వాకిట్లో పడుకోబెట్టింది.

"రాయి."

"పైనా?"

"ఆరు పక్కలా. పెద్దగా. నా పేరు ముందు."

గంగులయ్య మూడు గంటలు కూర్చుని రాశాడు. రెండు పేర్లకూ చోటు చాలక ‘కోట’ను చక్రాల మీదికి తోశాడు. కామాక్షి చూసి నవ్వబోతే ఆదిశేషమ్మే ముందు నవ్వేసింది. ఇంక కామాక్షికి నవ్వడానికి ఏమీ మిగల్లేదు.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ, పెయింటు ఆరడానికి టైము చాలలేదు. చెన్నైలో బెల్టు తిరగడం మొదలవగానే అందరికంటే ముందు వాళ్ల పెట్టే వచ్చింది. దాన్ని దించుకున్నారు. ఆ వెనకే ఎవరో పెద్దమనిషి తెల్ల పెట్టె వచ్చింది. దాని పక్కన ఎర్రగా, తిరగబడి, ‘ఆదిశేషమ్మ’ అని అచ్చు పడి ఉంది. గంగులయ్య వంగి దాన్ని కూడా పట్టుకున్నాడు.

ఆదిశేషమ్మ ఆయన చెయ్యి మీద ఒక్కటేసింది. "వదులయ్యా! అది మనది కాదు!"

"పేరుంది గదా మే?" అన్నాడు గంగులయ్య.